మసీదు బోరు, నీళ్ళ హిసాబు

పండగ కాని రోజున ఈద్గాకు వెళ్ళడం నాకు చిన్నప్పటి నుంచీ గుర్తు. కొత్త బట్టల్లేవు, అత్తరు లేదు, ఇంటికొస్తే షీర్ ఖుర్మా లేదు. వాన కోసం ఇస్తిస్కా నమాజు. దుఆలో అందరూ అరచేతులు నేలవైపు తిప్పి పట్టుకున్నారు. ఇమామ్ సాబ్ భుజమ్మీది రుమాలు తిరగేసి వేసుకున్నారు. "ఎందుకబ్బా అట్ల తిప్పినారు?" అనడిగితే, "హాలత్ కూడా ఇట్లే తిరగాలని బేటా" అన్నారు మా అబ్బా.

పలమనేరోళ్ళకి అప్పట్లో దుఆ తప్ప వేరే కాలువ లేదు. కౌండిన్య ఉంది గానీ వానొస్తేనే అది ఏరు. చెరువు ఎండితే బావి, బావి ఎండితే బోరు. ఇప్పుడు మా పడమటి మండలాల్లో వెయ్యి అడుగుల బోరు అంటే ఎవరూ నోరెళ్ళబెట్టరు. మొన్న రంజాన్‌లో మా మొహల్లా మసీదు బోరూ మొండికేసింది. తరావీహ్‌కి ముందు టోటీ తిప్పితే గాలి కూసింది. జనం ఇళ్ళలో వజూ చేసుకొని వచ్చారు. నమాజయ్యాక కమిటీ కూర్చుంది. సదర్ సాబ్ ఒకే మాట: ఇంకా లోతుగా మరో బోరు, చందా మొదలుపెట్టండి. నేను అఖ్బార్‌వాలాను కాబట్టి ఇల్తిజా కాగితం రాసే పని నా నెత్తిన పడింది.

రాయలేకపోయాను. కారణం పాతది, కొంచెం సిగ్గుపడాల్సింది కూడా.

2008 ప్రాంతంలో, కొత్తగా రిపోర్టర్నైన రోజుల్లో, జిల్లా పడమటి వైపు ఒక ఊళ్ళో రైతుల మీటింగుకి వెళ్ళాను. లీడరెవరూ రాలేదు, దండలూ లేవు. బడి గోడమీద నల్లరంగు పలక, దానిమీద అంకెలు. చీరకొంగు నడుముకి దోపుకున్న ఒకామె ముందుకొచ్చి చదివింది: ఇంత వాన పడింది, అందులో ఇంత భూమిలోకి దిగింది, బావుల్లో ఇంతకుముందున్నది ఇంత, ఈ రబీకి మీరంతా వేస్తామన్న పంటలకి ఇంత కావాలి, తక్కువ పడేది ఇంత. అంతే, కూర్చుంది. ఆ తర్వాత ఒక గంట కొట్లాట. వరి వేస్తానన్న పెద్దాయన లేచి వెళ్ళిపోయి, బీడీ కాల్చుకొని మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. వరి వేయొద్దని ఆయనకి ఎవరూ హుకుం ఇవ్వలేదు. జుర్మానా లేదు, పోలీసు లేడు. గోడమీది అంకె మాత్రం అక్కడే ఉంది.

నేను నాలుగు లైన్లు రాసి పంపాను, డెస్కులో రెండయ్యాయి. నాకూ బాధ అనిపించలేదు. ఉర్దూ మీడియంలో చదివి తెలుగులో డిగ్రీ చేసినవాణ్ణి కదా, 'భూగర్భ జలాలు' అన్న మాట తప్పు లేకుండా రాశానన్న ఖుషీలోనే ఉండిపోయాను.

అది ఎంత పెద్ద ఖబరో చాలా ఏళ్ళకి అర్థమైంది. ఆ పని పేరు ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల నిర్వహణ ప్రాజెక్టు. నెదర్లాండ్స్ సొమ్ము, ఐక్యరాజ్య సమితి ఆహార వ్యవసాయ సంస్థ అండ, కర్నూలు జిల్లాకు చెందిన బర్డ్స్ ముందుండగా దానితో కలిసి నడిచిన స్వచ్ఛంద సంస్థలు. చిత్తూరుతో సహా 7 కరువు జిల్లాల్లో 600కు పైగా ఊళ్ళు. రైతులే వానమాపకం చూసేవాళ్ళు, పదిహేను రోజులకోసారి బావుల్లో నీటి మట్టం కొలిచేవాళ్ళు. చదువురాని వాళ్ళూ నేర్చుకున్నారు. సర్కారు ఇంజనీరు చెబితే వినని మనిషి, తన చేత్తో కొలిచిన అంకెని కాదనలేడు. ఇందులో కిటుకంతా ఇదే.

2002లోనే మన దగ్గర వాల్టా చట్టం ఉంది, బోరు వేయాలంటే ఇజాజత్ తీసుకోవాలి. బోరుబండి రాత్రిపూట ఎందుకొస్తుందో నేను చెప్పనక్కర్లేదు. చట్టం ఆపలేని చోట గోడమీది లెక్క కొంతైనా ఆపిందని 2010లో ప్రపంచ బ్యాంకు తన నివేదికలో మెచ్చుకుంది. తర్వాత 2019 డిసెంబరులో కేంద్రం 6,000 కోట్లతో అటల్ భూజల్ యోజన తెచ్చింది. సగం సొమ్ము అదే బ్యాంకుది. ఊరే కూర్చొని నీళ్ళ బడ్జెట్ వేసుకోవడం ఆ పథకానికి ప్రాణం. చూడగానే నాకు ఆ బడి గోడే గుర్తొచ్చింది. వాతావరణ మార్పు మీద పాలసీ అంటే ఢిల్లీలోనో, పారిస్‌లోనో సూట్లేసుకున్నవాళ్ళు రాసేదని అనుకుంటాం. దాని ముసాయిదా మన పక్క ఊళ్ళో సుద్దముక్కతో రాసి ఉండొచ్చు.

అయితే ఆ పథకానికి తీసుకున్న 7 రాష్ట్రాల్లో మన ఆంధ్ర లేదు. కర్నాటక ఉంది. పలమనేరు నుంచి ముళబాగిలుకి బస్సెక్కితే గంట. లెక్క నేర్పినోళ్ళం సరిహద్దుకి ఇవతలే ఉండిపోయాం.

తప్పంతా సర్కారు మీదకి తోసేస్తే ఇన్సాఫ్ కాదు. ప్రాజెక్టు అయిపోయాక తిరిగి వెళ్ళి చూసిన పరిశోధకులకి చాలా ఊళ్ళలో కొలతలు ఆగిపోయి కనిపించాయి. జీతమిచ్చే సంస్థ వెళ్ళిపోతే టేపు పట్టుకునే చెయ్యి కరువైంది. నాకు ఆ సంస్థలంటే గౌరవమే, కానీ పైసా వచ్చే దారి ఒకటే అయినప్పుడు పని కూడా ఆ దారినే పోతుంది. మసీదులు అట్లా కాదు. ఏ ఫండింగూ లేకుండా రోజుకి ఐదుసార్లు జనం వచ్చే చోటు ఇంకెక్కడుంది? మన జమాత్ కమిటీలని పౌర సమాజం అని ఎవరూ పిలవరు, మనమూ అనుకోము.

2015 ఆగస్టులో, పారిస్ ఒప్పందానికి కొన్ని నెలల ముందు, ఇస్తాంబుల్‌లో ముస్లిం ఆలిములూ సంస్థలూ కూడి వాతావరణం మీద ఎలాన్ చేశారు. ధనిక దేశాలతో పాటు చమురు తీసే దేశాలు కూడా ముందు నడవాలని అందులో అడిగారు. అంటే మన అరబ్బు భాయిలు కూడా. నాకు ఆ హిమ్మత్ నచ్చింది. కానీ మా మొహల్లాలో దాని పేరు విన్నవాళ్ళు నాకు తగల్లేదు.

మళ్ళీ కమిటీ దగ్గరికొస్తాను. ఇల్తిజా కాగితం బదులు ఒక బకెట్ పట్టుకెళ్ళాను. టోటీ కింద పెట్టి, మామూలుగా చేసే వజూ చేయమని ఒక కుర్రాణ్ణి అడిగాను. ఆరు లీటర్లు. మన నబీ సొల్లల్లాహు అలైహి వసల్లం ఒక ముద్ నీళ్ళతో వజూ చేసేవారని హదీసుల్లో ఉంది, అంటే లీటరు కూడా కాదు. పారే నది ఒడ్డున ఉన్నా ఇస్రాఫ్ వద్దన్నారని ఖుత్బాల్లో వింటూనే ఉన్నాం. బకెట్ చూసి సదర్ సాబ్ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "హౌ మియా, అయితే చందా ఆపాలా?" అన్నారు, కోపంగానే. ఇద్దరు నా వైపు, మిగతావాళ్ళు ఆయన వైపు. చిన్నప్పుడు నాకు సబఖ్ చెప్పిన పెద్దాయన కూడా ఆయన వైపే. చివరికి మష్వరాలో తేలింది ఇదీ: బోరు రెండు నెలలు వాయిదా, టోటీలకి సన్నటి మూతలు, వజూ నీళ్ళు గుంతలోకి, ట్యాంకు నిండటానికి మోటరు ఎన్ని నిమిషాలు తిరుగుతోందో రోజూ కాపీలో రాయాలి.

రాసే పని మౌజన్ సాబ్ తీసుకున్నాడు, పాతికేళ్ళ కుర్రాడు. ఫజర్ అయ్యాక మోటరు వేసి గడియారం చూస్తాడు, ఉర్దూ అంకెల్లో రాస్తాడు. మొదటి వారం 50 నిమిషాల దగ్గరుంది, ఇప్పుడు 65. అంటే వాడకం తగ్గినా కింద నీళ్ళు ఇంకా దిగుతూనే ఉన్నాయి. చుట్టుపక్కల బోర్లన్నీ తాగుతున్నది అదే నీళ్ళు కదా.

పోయిన జుమా తర్వాత కాపీ నా చేతిలో పెట్టాడు. "ఏ హిసాబ్ కిస్కు దిఖానా భాయ్?" అనడిగాడు.

మునిసిపాలిటీకా, భూగర్భ జల శాఖకా, పక్క వీధి గుడి కమిటీకా? వాళ్ళ బోరు కూడా మా బోరుకి నలభై అడుగుల దూరంలోనే ఉంది. ముందు అక్కడికే పోదామన్నాను. ఆదివారం అసర్ తర్వాత రమ్మన్నారు.