రాచిప్ప ముక్క

వేడికి ఓర్చే వస్తువేదంటే మనలో చాలామందిమి ఇనుమనో ఇటుకనో చెబుతాం. టంకం వేసేటప్పుడు తీగల్ని కదలకుండా పట్టి ఉంచే జిగ్‌కు ఆ ఒక్క గుణమే చాలదని మా బోరు మోటారు పుణ్యమా అని నాకు తెలిసింది.

బోరులో నీళ్ళు అడుగంటితే మోటారును ఆపేసే చిన్న బోర్డు నేనూ, నా రూమ్మేటూ కలిసి తయారుచేశాం. "అందులో ఓ తీగ ఊడితే మోటారు కాలిపోద్ది గదరా! రివైండింగు డబ్బులెవరిస్తారు?" అన్నాడు నాన్న. ఆయన అడిగింది న్యాయమే. 63 పాళ్ళు తగరం, 37 పాళ్ళు సీసం కలిసిన టంకం 183 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర కరుగుతుంది. చల్లారి గట్టిపడే ఆ కాసేపట్లో తీగ కదిలిందా, అతుకు బలం పోయినట్టే. జిగ్ అవసరం అక్కడే.

టేకు చెక్కను కోయడం సులువే గాని, 350 డిగ్రీల సాల్డరింగ్ ఐరన్ తగిలిన చోటల్లా మాడి, రంధ్రాలు వదులైపోతాయి. హైలం షీటు కొంత నయం. అదీ ఐరన్ ఆనితే పొక్కుతుంది. ఇత్తడికైతే టంకం తానే అంటుకు కూచుంటుంది. అల్యూమినియం మీది ఆక్సైడు పొరవల్ల మామూలు టంకం అంటదు. అయితే అది అతుక్కి అందాల్సిన వేడిని గబగబా లాగేస్తుంది. టెఫ్లాన్ 260 డిగ్రీల దాకా ఓర్చుతుంది, కాని మెత్తన. గట్టిగా బిగిస్తే మెల్లగా అణిగిపోతుంది. అతిగా కాలితే వచ్చే పొగ ప్రమాదం. ఆస్బెస్టాస్ ధూళి ఊపిరితిత్తులకు చేటు, దాని ఊసే వద్దు. మేకార్ అనే గాజు పింగాణీ 800 డిగ్రీలకూ చెక్కుచెదరదు, మామూలు పనిముట్లకే తెగుతుంది. దాని ధరే హాస్టలు కుర్రాళ్ళకు అందదు.

మా పెరట్లో నాయనమ్మ పులుసు కాచిన రాచిప్ప పగిలి పడి ఉంది. అది బలపం రాయి జాతిది. అడుగు ముక్కను హాక్సా బ్లేడుతో కోసి, మామూలు డ్రిల్లుతో రంధ్రాలు వేశాం. దుమ్ము లేవకుండా తడుపుతూ, ముక్కుకు గుడ్డ కట్టుకుని చేశాం. టంకం అంటలేదు, రాయి మాడలేదు, అతుకు వేడి తగ్గలేదు. కిందపడితే పగులుతుందని చెక్క పలకమీద బిగించాం.

ఆ జిగ్ మీద చేసిన మొదటి బోర్డు బోరు దగ్గరుంది. ఒక వేసవి దాటితేగాని నాన్న దాన్ని నమ్మడు. విత్తనం విషయంలోనూ ఆయనది అదే పద్ధతి. సంచిమీద రాసిన దిగుబడి చూసి కొనడు. మన నేలకు నిలుస్తుందా, మన నీళ్ళు చాలుతాయా, మన చేతనవుతుందా అని చూస్తాడు. పదార్థాన్ని ఎంచుకోవడమూ అంతే మిత్రులారా. పట్టికలో పెద్ద అంకె ఉన్నది కాదు, పనికి ఒదిగేదే మేలైనది.