పేట ముచ్చట్లు – 19: లాల

నా కూతురు రాత్రి పదకొండింటికి పుట్టింది. తెల్లారేసరికి మా అమ్మ ఆసుపత్రిలో దిగింది. చేతిలో ఒక ప్లాస్టిక్ బకెట్టు, అందులో సున్నిపిండి డబ్బా, ఆముదం సీసా, పాత చీర ముక్కలు. ఆమదాలవలస నుంచి విజయనగరం దాకా, సంక్రాంతి రద్దీలో, ఆ బకెట్టుని ఒళ్ళో పెట్టుకుని రైల్లో వచ్చింది. విజయనగరంలో బకెట్టు దొరకదా అమ్మా అంటే, "ఎవలి బకెట్టో ముట్టుకోడమెందుకు? మనది మనకుంటే సాలు" అంది.

పాప 2 కేజీల 200 గ్రాములు. రెండున్నర కేజీలకి తక్కువయితే బరువు తక్కువ బిడ్డ కింద లెక్క. అందుకని డ్యూటీ నర్సు ముందే చెప్పేసింది. స్నానం వద్దు, ఇవాళ అసలే వద్దు, బరువు పెరిగేదాకా తడిగుడ్డతో ఒత్తి తుడవండి చాలు. ఒంటి మీద తెల్లటి పూత ఉంది కదా, దాన్ని గీకొద్దు, అదే ఇంకిపోతుంది. బిడ్డని బట్టల్లేకుండా తల్లి గుండెల మీద వేసి పైన దుప్పటి కప్పండి.

అమ్మ బుద్ధిగా తలూపింది. నర్సు అటు తిరగ్గానే బకెట్టు పట్టుకుని కుళాయి వైపు నడిచింది.

"అమ్మా, వద్దంది కదా!"

"అలాగే అంటారు. ఆలకేటి? గుంట నెత్తురు కంపు కొడతన్నాది."

కొట్టడం లేదు. నేను పాప తల మీద ముక్కు పెట్టి చూశాను. పాలవాసన కూడా ఇంకా రాలేదు. మరి అమ్మకి ఎక్కణ్ణుంచి వచ్చింది ఆ కంపు? కాసేపటికి అర్థమయింది. పక్క మంచం బాలింత అత్తగారు, అమ్మ వచ్చిన అయిదు నిమిషాలకే పలకరించింది. ఏ ఊరమ్మా మీది? ఓహో, ఆ ఊరా, ఊళ్ళో ఏ వీధి? అమ్మ వీధి పేరు చెప్పింది. ఆవిడ ఇంకేం అనలేదు. పైట కొంగు ముక్కు దగ్గరికి జరిపి, మంచాల మధ్యనున్న స్టూలు మీంచి తన ఫ్లాస్కు తీసి అటువైపు పెట్టుకుంది. అంతే. అమ్మకి బిడ్డని కడగాలనిపించింది ఆ తర్వాతే.

స్టూడెంట్స్ కోసం వైద్యం సంగతి కొంచెం చెప్తాను, ఎందుకంటే మీలో చాలామందికి రేపో ఎల్లుండో ఇదే పంచాయితీ వస్తుంది. పుట్టిన బిడ్డకి మొదటి స్నానం కనీసం 24 గంటలు ఆగాక పొయ్యమని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. 2022లో బాలింతల మీద ఇచ్చిన సిఫారసుల్లోనూ అదే ఉంది. తొమ్మిది నెలలు వెచ్చటి నీళ్ళలో ఉన్న ఒళ్ళు గాలిలోకి వచ్చింది. తన వేడిని తాను నిలబెట్టుకోవడం దానికింకా రాదు. తడి ఆరుతూ ఆరుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. బిడ్డ ఒళ్ళు 36.5 నుంచి 37.5 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. బరువు తక్కువ బిడ్డ అయితే ఇంకా తొందరగా దిగిపోతుంది. ఆ తెల్లటి పూత మురికి కాదు, చర్మానికి కాపలా. బిడ్డని తల్లి గుండెల మీద వేసుకునే పద్ధతి 1978 ప్రాంతంలో కొలంబియా దేశం బొగొటా నగరంలో మొదలయింది. అక్కడ ఆసుపత్రిలో చాలినన్ని వెచ్చపెట్టెలు లేక, డాక్టర్లు తల్లి ఒంటినే పొయ్యి చేశారు.

ఇదంతా నేను అమ్మకి లెక్చరర్‌లాగే చెప్పాను. పాఠం చెప్పినట్టు చివర్లో సారాంశం కూడా చెప్పాను. "ఇప్పుడు నీళ్ళు పోస్తే బిడ్డ చల్లబడిపోతుందమ్మా."

అమ్మ బకెట్టు కింద పెట్టింది.

మాకు ముందు ఒక అన్నయ్య ఉండేవాడు. అమ్మకి మొదటి కాన్పు. పేటలోనే, మా తాటాకింట్లోనే, పుష్యమాసంలో. మూడో రోజున పోయాడు. ఇంట్లో వాడి గురించి ఎప్పుడు మాట వచ్చినా అమ్మ వాడే మాట ఒక్కటే, "సల్లబడిపోనాడు". ఆ మాట నేను చిన్నప్పటి నుంచీ విన్నాను. చనిపోయాడు అనడానికి మర్యాదగా అంటోందనుకున్నాను. ఆ పొద్దున్న ఆసుపత్రిలో మొదటిసారి అది అచ్చంగా ఒంటివేడి గురించిన మాట అని తట్టింది. నాకంటే ముందు అమ్మకి తట్టింది.

"అయితే మా యమ్మ సేసిందేటే?" అంది.

మా అమ్మమ్మ మంత్రసాని. చుట్టుపక్కల నాలుగూళ్ళలో పురుళ్ళు పోసిన చెయ్యి. బుగతల ఇళ్ళలో నొప్పులు వస్తే అర్ధరాత్రి పేటకి కబురొచ్చేది. పెరటి గుమ్మంలోంచి లోపలికి తీసుకెళ్ళేవారు. అక్కడ బొడ్డు కోసేది, మాయ పాతేది, పది రోజులపాటు రెండు పూటలా బిడ్డకి లాల పోసేది. పీట మీద కాళ్ళు చాపుకుని, బిడ్డని కాళ్ళ మీద బోర్లా వేసుకుని, ఆముదం రాసి, సున్నిపిండి రుద్ది, కాగులో నీళ్ళు చెయ్యి పెట్టి చూసుకుంటూ. ఆ నీళ్ళు వాళ్ళ నూతి నీళ్ళే. కానీ నూతి చేంతాడు ఆమె ముట్టుకోకూడదు. ఇంకెవరో తోడి కాగులో పొయ్యాలి. పదకొండో రోజున పురిటి స్నానం అయ్యాక ఇల్లంతా శుద్ధి చేసుకునేవారు. ఆ పూట నుంచి, పది రోజులు తన కాళ్ళ మీద పడుకున్న బిడ్డనే అమ్మమ్మ ముట్టుకోకూడదు. చేటడు బియ్యం, ఒక పాత చీర. మళ్ళీ ఆ ఇంట్లో కాన్పు వచ్చేదాకా ఆమెకి ఆ గుమ్మం లేదు.

మైల ఉన్నన్నాళ్ళే ఆమె చేతికి పని. మురికికీ మైలకీ తేడా నాకు ఏ పుస్తకంలోనూ ఇంత తేటగా దొరకలేదు. మురికి నీళ్ళతో పోతుంది. మైల పోదు, మనిషి మారుతుందంతే. బాలింత మీంచి మంత్రసాని మీదకి, పురిటి బట్టల్లోంచి చాకలామె మీదకి. తెలుగు సాహిత్యంలో పీహెచ్‌డీ చేసినదాన్ని. లాలిపాటల మీద క్లాసులు చెప్పాను. రాముడికీ కృష్ణుడికీ ఎన్ని జలకాలాటలో! ఆ లాల పోసిన చేతులెవరివని క్లాసులో ఒక్కసారి కూడా అడగలేదు, సిగ్గుగానే ఉంది చెప్పడానికి.

అమ్మ అడిగిన దానికి నేనేం చెప్పను? అమ్మమ్మ తన మనవడికి బుగతల బిడ్డలకి చేసినట్టే చేసింది. పుట్టిన వెంటనే ఒళ్ళు రుద్ది లాల పోసింది. కానీ అక్కడ లాల అయ్యాక కుంపటి ఉంది, తలుపులున్న గది ఉంది, ఉన్ని దుప్పటి ఉంది. మా ఇంట్లో తడిక, పుష్యమాసపు గాలి. స్నానమే చంపిందని నేను చెప్పలేను. బరువెంతో, ఇంకేం జబ్బుందో తూచినవాళ్ళు లేరు, చూసినవాళ్ళు లేరు. "అమ్మమ్మ తప్పు కాదమ్మా" అన్నాను. అమ్మ వినలేదనుకుంటాను. సున్నిపిండి డబ్బా మూత బిగించి, బకెట్టుని మంచం కిందికి తోసేసి, నా పక్కన కూర్చుని దుప్పటి అంచు పట్టుకుంది. సాయంత్రం దాకా ఆ అంచు వదల్లేదు.

ఆ రాత్రి నర్సు వచ్చి పాప చంకలో థర్మామీటరు పెట్టింది. తన చేత్తోనే పెట్టింది, బీప్ మనేదాకా పాప చెయ్యి పట్టుకునే ఉంది. నాకు అంబేద్కర్ "వెయిటింగ్ ఫర్ ఏ వీసా" గుర్తొచ్చింది. అందులో ఆయన 1929 డిసెంబరు 12 నాటి "యంగ్ ఇండియా"లో అచ్చయిన ఒక ఉత్తరాన్ని ఎత్తి రాశారు. కాఠియావాడ్‌లో ఒక అంటరాని బడిపంతులు. భార్యకి కాన్పయిన రెండో రోజున జబ్బు చేసింది. డాక్టరు పేటలోకి రానన్నాడు. ఊరి పెద్దల కాళ్ళావేళ్ళా పడి, రెండు రూపాయల ఫీజుకి హామీ ఇప్పిస్తే, పేట బయటయితేనే చూస్తానన్నాడు. బాలింతనీ, రెండు రోజుల పసిబిడ్డనీ పేట బయటికి తీసుకొచ్చారు. డాక్టరు థర్మామీటరు ఒక ముస్లిం చేతికిచ్చాడు, అతను భర్తకిచ్చాడు, భర్త భార్యకి పెట్టాడు. మళ్ళీ అదే దారిన వెనక్కి. దీపం వెలుగులో చూసి న్యుమోనియా అన్నాడు. ఆమె బతకలేదు. మనందరం ఆ పేజీ చదివి ఆమె కోసం ఏడ్చాం. నేను మాత్రం ఆ రాత్రి ఆ బిడ్డ గురించి ఆలోచించాను. ఆరుబయట, చీకట్లో, ఎవరి ఒడిలో ఉంది? ఎవరు కప్పారు?

ఊరికి వచ్చాక ఆశా కార్యకర్త వచ్చింది. ఆసుపత్రి కాన్పయితే మూడో రోజు, ఏడో రోజు, 14, 21, 28, 42 రోజుల్లో ఇంటికొచ్చి బిడ్డని తూచి, వేడి చూసి వెళ్ళాలి. ఆమెది ఊరు, మాది పేట. గుమ్మం దగ్గరే నిలబడి థర్మామీటరు అమ్మ చేతికిచ్చి, "మీరే పెట్టండి పిన్నీ" అంది. తూకం సంచీలో పాపని అమ్మ చేతే పెట్టించింది. అది కులమో, లేకపోతే తల్లులకి నేర్పించాలని వాళ్ళకి చెప్పిన పద్ధతో నేను తేల్చుకోలేకపోయాను. అడగనూ లేదు. మనిషి మంచిదే, పిన్నీ అని పిలిచింది కూడా. 1929 నుంచి ఇంత దూరం వచ్చాక కూడా ఒక థర్మామీటరు చేతులు మారడం చూసి నేను ఇంత లెక్కలు వేసుకోవాల్సి రావడం, అది చాలు.

ఇక ఎన్నిసార్లు అన్న ప్రశ్న. పిల్లల డాక్టరు చెప్పింది, వారానికి రెండు మూడుసార్లు చాలు. మిగతా రోజుల్లో మొహం, మెడ మడతలు, చంకలు, గజ్జలు తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టాలి. బొడ్డు ఊడేదాకా నీళ్ళు పొయ్యొద్దు, బొడ్డు మీద ఏమీ రాయొద్దు. పోసిన రోజున తలుపులు వేసి, నీళ్ళు మోచేత్తో చూసి, అయిదు నిమిషాల్లో ముగించి, వెంటనే తల తుడిచి టోపీ పెట్టాలి. సున్నిపిండితో రుద్దొద్దు, ముక్కులో చెవుల్లో నూనె పొయ్యొద్దు, సాంబ్రాణి పొగ పెట్టొద్దు. మన మే నెలలో అయితే రోజూ పోసినా ఫర్వాలేదంది. అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా మొదటి ఏడాది వారానికి మూడుసార్లు సరిపోతుందనే అంటుంది.

నాకు నవ్వొచ్చింది. నా చిన్నప్పుడు పేట మొత్తానికి ఒకటే బోరింగు. వేసవిలో అదీ గాలి కొట్టేది, గెడ్డ దాకా నడవాలి. 1985లో కారంచేడు గొడవ మొదలయింది కూడా మాదిగపల్లె మంచినీళ్ళ దగ్గరే కదా. ఎక్కడయినా మన నీళ్ళ కథ అదే. నీళ్ళు చాలక పేట తల్లి వారానికి మూడుసార్లు పోస్తే మురికి జాతి. అదే అంకె డాక్టరు చీటీ మీద రాస్తే శాస్త్రం.

కానీ మా అమ్మ వారానికి మూడుసార్లు ఎప్పుడూ పొయ్యలేదు. నాకూ తమ్ముడికీ రెండు పూటలా పోసింది. పొలం పనికెళ్ళే ముందు, చీకటితో లేచి రెండు బిందెలు మోసి, ఎముకలు నొప్పెట్టేలా రుద్దేది. ఆ పైన పౌడరు. "బడిలో పక్కన కూకున్నోలు జరిగిపోకూడదు" అనేది. జరిగేవాళ్ళు ఎలాగూ జరిగేవారు. అయినా రేపు ఇంకొంచెం గట్టిగా రుద్దేది.

పన్నెండో రోజున బొడ్డు ఊడింది. ఇంకో పది రోజులకి పాప రెండున్నర కేజీలు దాటింది. అప్పుడు పోశాం మొదటి లాల. అమ్మ పీట మీద కాళ్ళు చాపుకుని కూర్చుంది, అచ్చం అమ్మమ్మలాగే. నేను తలుపులు మూశాను, నీళ్ళలో మోచెయ్యి పెట్టి చూశాను, టవల్ పట్టుకుని నిలబడ్డాను. సున్నిపిండి డబ్బా గూట్లోనే ఉంది. అమ్మ ఒకసారి అటు చూసింది, అడగలేదు. పాప ఏడవలేదు, నీళ్ళు వీపు మీద పడుతుంటే కళ్ళు పెద్దవి చేసుకుని నేల వైపు చూస్తూ ఉండిపోయింది. తుడిచి నా గుండెల మీద వేసుకున్నాక అమ్మ పాప అరికాళ్ళు తన రెండు చేతుల్లో పట్టుకుని, "ఎచ్చగానే ఉన్నాయి" అంది. రెండుసార్లు అంది.

ఆ తర్వాత రోజు విడిచి రోజు అని ఇద్దరం ఒప్పందానికొచ్చాం. అమ్మ మాట తప్పలేదు. ఒక్కసారి తప్ప.

ఆరు వారాల టీకాకి వెళ్ళాల్సిన రోజు. ముందురోజే లాల పోశాం. పొద్దున్న లేచేసరికి అమ్మ పొయ్యి మీద కాగు పెట్టేసింది.

"అమ్మా, నిన్ననే కదా?"

"నలుగురు ముట్టుకుంటారే ఈయాల."

నేనేం మాట్లాడలేదు. తలుపులు మూసి, మోచేత్తో నీళ్ళు చూసి, చెంబు నేనే అందుకున్నాను.

జై భీమ్.