సమత్వము కోరుట సొగసు కోరుట కాదు

మన యిండ్లలో స్త్రీకి జ్వరము వచ్చిన నలుగురికిని తెలియును. రొమ్మున గడ్డ పుట్టిన మాత్రము ఆమెకు తప్ప వేరెవ్వరికిని తెలియదు. మేమును కొన్ని నెలలు దాచితిమి. రాచపుండని తేలిన పిమ్మట కుడి రొమ్మును తీసివేసి, పొత్తికడుపునుండి చర్మమును, క్రొవ్వును రక్తనాళములతో గూడ తెచ్చి, సూక్ష్మదర్శిని సాయమున ఎదలోని నాళములకు కుట్టి, క్రొత్త రొమ్మును నిర్మించిరి.

స్వదేహభాగముతో రొమ్మును పూరించుట నేటి విద్య కాదు. ఇటలీ దేశపు వైద్యుడు టాన్సీని 1906లోనే వీపు చర్మమును కండరముతో గూడ ఎదపైకి త్రిప్పెను. 1982లో అమెరికాలో హార్ట్రాంఫ్ అను శస్త్రవైద్యుడు కడుపు చర్మమును, క్రొవ్వును వాడు విధానమును ప్రకటించెను.

రెండేండ్లు గడచినవి. మా శరీరము కొంత స్థూలించినది. ఎదకు చేరినను కడుపు క్రొవ్వు తన స్వభావమును మరువదు. కడుపుతోపాటు అదియు పెరిగినది. కుడిప్రక్క బరువై మెడయు భుజమును నొచ్చుచుండెను. రవిక ఒకవైపు బిగువు, వేరొకవైపు వదులు. నలుగురిలోనికి పోవునప్పుడు పైటను రెండు పొరలుగా కప్పుకొనుచుంటిమి.

తగ్గించుకొందుమని చెప్పగా మా అత్తగారు, "ప్రాణము దక్కినది చాలదా అమ్మా? ఈ వయసున సొగసెందుకు?" అనిరి. అది కాఠిన్యము కాదు. మొదటి శస్త్రచికిత్సనాడు ఆస్పత్రి వరండాలో తెల్లవార్లు కూర్చున్నది వారే. మరల మమ్ము ఆ బల్లపై పరుండబెట్టుటకు భయపడిరి. "కాలు విరిగి వంకరగా అతికినచో మరల సరిచేయింపరా అత్తయ్యా?" అని యడిగితిమి. వారు చాలసేపు పలుకలేదు. పిమ్మట "ఎన్నడు పోవలెను?" అనిరి.

క్రొత్త రొమ్మునకు జీవాధారము అతికిన రక్తనాళమే గనుక, వైద్యులు దానిని ముందుగా గుర్తించి, దానికి దూరముగా సన్నని గొట్టముతో క్రొవ్వును లాగి, మిగులు చర్మమును కత్తిరించి కుట్టిరి. కత్తిరించిన భాగమును పరీక్షకు పంపిరి. మచ్చలు మిగిలినవి, స్పర్శ పూర్తిగా తిరిగి రాలేదు. కాని భుజము తేలికయైనది.

అమెరికాలో 1998 నాటి శాసనము, రొమ్ము తీయుటకు సొమ్మిచ్చు ఆరోగ్యబీమావారు పునర్నిర్మాణపు దశలన్నిటికిని, రెండు ప్రక్కలు సరిపోవుటకై రెండవ రొమ్మునకు చేయు చికిత్సకును ఈయవలెనని విధించినది. ఆ శాసనము దీనిని విలాసమని త్రోసివేయక, చికిత్సలో భాగముగానే గణించినది.

సోదరీమణులారా, గడ్డ కనబడిన నాడే చెప్పుడు. గృహస్థులారా, బ్రతికి వచ్చిన స్త్రీ తన బాధను చెప్పినచో "బ్రతికితివి, చాలు" అని నోరు మూయింపకుడు. మొన్న పొరుగింటి కోడలు రొమ్మున గడ్డయని కన్నీరు పెట్టుకొనగా, ఆమెను డాక్టరుగారియొద్దకు తోడ్కొనిపోయినవారు మా అత్తగారే.