నా జట్టూ, మావాడి కాలూ

ఆఫీసునుండి ఇంటికి వచ్చి, కాళ్ళు కడుక్కుని, కాఫీ త్రాగి, నలభైయారేళ్ళ గుమాస్తా ఒకడు కంప్యూటరు ముందు కూర్చుని ఇంగ్లండులో ఒక కాలిబంతి జట్టును నడుపుతున్నాడంటే చదువరులు నవ్వుకుంటారు. నవ్వండి. మా యింట్లో అందరూ నవ్వినవారే. మా అమ్మ అయితే, “పగలంతా ఒకరి రిజిస్టరు వ్రాసి, చాలక రాత్రికి ఇంకొకరిది తెచ్చుకున్నాడు” అన్నది. ఆ మాటలో నిజం లేకపోలేదు.

మాది గుడియాత్తం. తాతగారి కాలంనుండి ఇంట్లో లుంగీల మగ్గం వుండేది. నాయనగారితో అది ముగిసింది. నేను మెట్రిక్యులేషన్ గట్టెక్కి, వేలూరులో ఒక ఆఫీసులో చేరి ఇరవైరెండేళ్ళయింది. రోజూ పళ్ళికొండ మీదుగా బస్సులో పోయి వస్తాను. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఫైళ్ళలో ఇంగ్లీషు. ఇటువంటివానికి ఈ ఆట అంటించినవాడు మావాడే. వాడు పదవ తరగతి, బళ్ళో ఎడమ ప్రక్కన ఆడతాడు. పరీక్షలని వాడు మానుకున్నాడు, నేను మానుకోలేకపోయాను.

తెలియనివారి కోసం రెండు మాటలు. దీని పేరు ఫుట్‌బాల్ మేనేజర్. కోలియర్ అనే ఇద్దరన్నదమ్ములు ఇంగ్లండులో కల్పించిన ఆట. 1992లో ఛాంపియన్‌షిప్ మేనేజర్ అనే పేరుతో బయటికి వచ్చింది. 2004నుండి ఇప్పటి పేరుతో సాగుతున్నది. ఇందులో బంతిని మనం తన్నే పని లేదు. ఎవరిని తీసుకోవాలి, ఎవరిని పంపివేయాలి, ఎవరికి ఎంత జీతం, ఈ శనివారం పదకొండుగురు ఎవరు, బెంచిమీద ఎవరు, ఎవరికి విశ్రాంతి – ఇదే ఆట. ప్రతి ఆటగాని పేరు ప్రక్కనా వాని ఒంట్లో ఓపిక నూటికి ఎంత మిగిలివున్నదో కనబడుతుంది. నా దగ్గర వున్నది పాత సంచిక. కొత్తవాటిలో అంకెకు బదులు గుండె బొమ్మ వేస్తున్నారు. గుమాస్తా కంటికి అంకెలే ఇంపు.

జట్టు ఏదని మావాడు అడిగితే బ్లాక్‌బర్న్ రోవర్స్ అన్నాను. కారణం వున్నది. హైదరాబాదునుండి వెళ్ళి 1971లో పూనాలో వేంకటేశ్వర హేచరీస్ స్థాపించిన బి. వి. రావుగారి కుటుంబమే 2010లో ఆ జట్టును కొన్నది. 1995లో ఇంగ్లండుకే ఛాంపియనయిన జట్టు అది. 2012లో రెండవ శ్రేణికి దిగింది, 2017లో మూడవదానికి జారింది, 2018లో మళ్ళీ రెండవదానికి ఎక్కింది. “కోళ్ళవారి జట్టా?” అన్నది మా యింటావిడ. ఎవరివారైతేనేమి, స్వామి పేరుంది గదా అని మొదలుపెట్టాను.

మొదటి సంవత్సరం నేను చేసిన తప్పు మన యిళ్ళలో అందరూ చేసేదే. ఎప్పటికైనా పనికివస్తుందని దేన్నీ పారవేయము గదా! అటకమీద పాత ట్రంకులు దాచినట్టు ముప్పైనలుగురు ఆటగాళ్ళను దాచుకున్నాను. ఆ శ్రేణిలో లీగు ఆటలే నలభైయారు, పైన కప్పు ఆటలు. ఇంత పనికి ఇంతమంది వుండవద్దా అని నా వాదం. తీరా చూస్తే ఆడేది పదకొండుగురు. మిగిలినవారు వరుసగా నా గదికి వచ్చి, “మాకు అవకాశం ఇవ్వలేదు” అని మొర. జీతాల పద్దు హద్దు మీరింది. పైగా కూర్చున్నవానికి ఓపిక నూటికి నూరున్నా ఆటలో పదును వుండదు. ఆ పదునును ఈ ఆట వేరే లెక్కగా చూపిస్తుంది. వాడని కత్తెర పెట్టెలో కొత్తగానే వుంటుంది; గుడ్డమీద పెట్టినప్పుడు తెలుస్తుంది దాని సంగతి.

రెండవ యేడు పూర్తిగా అటు తిరిగాను. పదిహేనుమందిని పంపివేసి పందొమ్మిదిమందితో దిగాను. నవంబరు దాకా భేషుగ్గా సాగింది. ఇంగ్లండులో క్రిస్మసు వచ్చిందంటే మనకు సంక్రాంతిలాగా అందరూ ఇంట్లో కూర్చోరు, కాలిబంతి ఆడిస్తారు. పదిరోజుల్లో మూడు నాలుగు ఆటలు పడతాయి. నా ఎడమ రెక్క కుర్రవాడు ఒకడు, మంచి చేతివాటం – కాలివాటం అనాలేమో – నాటికి ఓపిక డెబ్బైయెనిమిది చూపిస్తున్నాడు. ఇంకొకడు లేడు. దింపాను. ముప్పైయొకటవ నిమిషాన తొడ వెనుక కండ పట్టేసి పడిపోయాడు, ఆరువారాలు. వాని బదులు ఆడినవాడు పదోరోజున పడ్డాడు. ఫిబ్రవరికి నా జట్టులో గడ్డం రాని పిల్లలు ఆడుతున్నారు.

అప్పుడు చేశాను నాకు చేతనైన పని. ఆఫీసులో హాజరుపట్టీ గీసినట్టు ఒక లాంగ్ నోటుబుక్కులో గళ్ళు గీశాను. అడ్డంగా తేదీలు, నిలువుగా పేర్లు. ఏ ఆటలో ఎవడు ఎన్ని నిమిషాలు ఆడాడో ఎర్రసిరాతో. ఓపిక తొంబైకి లోపున్నవాడు మొదటి పదకొండుగురిలో వుండరాదు. పదిరోజుల్లో రెండు పూర్తి ఆటలు ఆడినవాడు మూడవది సగమే. లెక్క ఇరవైనలుగురి దగ్గర కుదిరింది: గోల్‌కీపర్లు ముగ్గురు, తక్కిన పది స్థానాలకు ఇద్దరేసి, ఎక్కడ పెట్టినా సర్దుకునేవాడు ఒకడు. ఆ సర్దుకునేవాడు ప్రతి ఆఫీసులోనూ ఒకడుంటాడు. వానికి ప్రమోషను ఆలస్యం. నా లెక్క మరీ నాటులెక్క కాదు. అక్కడి ప్రీమియర్ లీగు 2010నుండి ఇరవైయయిదుగురి హద్దు పెట్టింది, ఇరవైయొక్కేళ్ళలోపు కుర్రవాళ్ళను విడిచి. స్వీడనులో యాన్ ఎక్‌స్ట్రాండ్ అనే వైద్యుడు 2001నుండి యూరపు పెద్ద జట్ల దెబ్బలను లెక్కకట్టించాడు. ఇరవైయయిదుగురున్న జట్టుకు సంవత్సరానికి సుమారు ఏభై దెబ్బలు తప్పవని ఆయన తేల్చాడు. అంటే తలకు రెండు. వాటిలో అన్నిటికన్నా తరచుగా వచ్చేది నా రెక్క కుర్రవానికి వచ్చిన ఆ తొడకండ నొప్పే. మానకముందే మళ్ళీ తగిలిన దెబ్బ మొదటిదానికంటె ఎక్కువ రోజులు పడుకోబెడుతుందని కూడా ఆయన లెక్క. ఆ వాక్యం నోటుబుక్కు అట్టమీద వ్రాసిపెట్టుకున్నాను. చదువరులు దీన్ని గుర్తుంచుకోవాలి; నేను గుర్తుంచుకోలేదు.

ఆ ఆటలో ఒక్కొక్కసారి వైద్యుడు అడుగుతాడు: ఫలానావానికి ఇంజెక్షను వేసి ఆడించమంటారా అని. మూడేళ్ళలో ఒక్కసారీ సరేననలేదు. అంత దయగల మేనేజరును.

ఇక మావాడి సంగతి. గత జూలైలో బళ్ళమధ్య పోటీలు వేలూరులో జరిగాయి. సెమీఫైనలుకు పదిరోజుల ముందు వాడికి కుడి చీలమండ బెణికింది. ఇక్కడి డాక్టరు చూచి మూడువారాలు మెట్టవద్దన్నాడు. ఆరోనాటికి వాపు తీసింది. తొమ్మిదోనాటి రాత్రి వాడు నా ప్రక్కన కూర్చుని, “నాయనా, ఇంకా కొంచెం గుచ్చుతున్నది, ఆడేదా?” అన్నాడు. అడిగిన తీరులోనే జవాబున్నది. నేను కంప్యూటరు మూసి, వాడికి కథ చెప్పాను.

కథ మీకూ తెలిసే వుంటుంది. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తీర్చిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు 1950నుండి భారత జట్టుకు కోచి. 1951లో ఆసియా క్రీడల బంగారం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం ఆయన చలవే. 1962లో జకార్తా ఆసియా క్రీడలు. మొదటి ఆటలోనే దక్షిణ కొరియా మనల్ని 2-0తో ఓడించింది. థాయిలాండుతో ఆటలో జర్నైల్ సింగుకు తల పగిలి ఆరు కుట్లు. త్రిలోక్ సింగుకు కాలిగోరు వూడింది. గోల్‌కీపరు పీటర్ తంగరాజుకు జ్వరం. సెప్టెంబరు 4న అదే కొరియాతో ఫైనలు. లక్షమంది జనం, ఎక్కువమంది మనకు వ్యతిరేకులే. ఆ కుట్లతోనే జర్నైల్ దిగాడు, గోలు కొట్టాడు, మనం 2-1తో గెలిచాము. ఆ తర్వాత ఆసియా క్రీడల కాలిబంతిలో మనకు మళ్ళీ బంగారం రాలేదు. రహీం సాహెబు అప్పటికే ఊపిరితిత్తుల కాన్సరుతో వున్నాడు. మరుసటి జూనులో పోయాడు. ఆయనమీద 2024లో మైదాన్ అనే హిందీ సినిమా కూడా వచ్చింది. అది మావాడు రెండుసార్లు చూచాడు. కనుక కథ వాడికి తెలియనిది కాదు. నేను చెప్పింది కథ కాదని వాడికీ తెలుసు.

మరునాడు మైదానంలో వాడి కోచి నన్నే అడిగాడు, “కాలు ఎట్లా వుంది సార్?” అని. “సరిపోయింది” అన్నాను. సెలవు పెట్టి వచ్చాను, మా బావమరిదిని వెంటబెట్టుకుని వచ్చాను, అందరికీ చెప్పుకున్నాను. ఏ మాటకామాట, నాకు వాడి ఆట చూడాలని వుంది. రెండవ సగంలో బంతి వెనక్కు లాగబోయి వాడు పడ్డాడు. లేచి రెండడుగులు వేసి మళ్ళీ పడ్డాడు. బెంచిమీద ఎడమవైపు ఆడే పిల్లవాడు ఇంకొకడు వున్నాడు, కూడా. మొదటినుండీ కాళ్ళు విదిలించుకుంటూ కూర్చునే వున్నాడు.

దేశంలో ఎక్కడెక్కడివారో వైద్యానికి వేలూరు వస్తారు. ఇక్కడివాళ్ళం మాత్రం ముదిరిన తర్వాత పోతాము. ఎముక విరగలేదు, చీలమండ పట్టుతంతువు సగం తెగింది. ఆపరేషను అక్కరలేదు గాని నాలుగునెలలు ఆట లేదన్నారు. పెద్ద డాక్టరమ్మ, “మొదటి దెబ్బ ఎన్నిరోజులయింది?” అని తమిళంలో అడిగింది. పది అన్నాను. ఆమె కాగితంలో వ్రాసుకుని తల ఎత్తలేదు. మా యింటావిడ ఆ రాత్రి ఒక్కమాటే అన్నది: “మీ ఇంగ్లండు పిల్లలకు ఎంతుంటే కూర్చోబెడతారు మీరు? తొంబైయా?”

తర్వాత ఆ జకార్తా కథను మళ్ళీ నెమరువేసుకున్నాను. సగమే చెప్పాను వాడికి. ఆ రోజుల్లో ప్రపంచకప్పులోనే బదులు ఆటగాళ్ళను అనుమతించలేదు. 1970లో మొదలయింది, జట్టుకు ఇద్దరు. ఇప్పుడు అయిదుగురిని మార్చవచ్చు – 2020 మేలో తాత్కాలికంగా ఇచ్చి, 2022లో స్థిరం చేశారు. రహీం సాహెబుకు ఆ సౌకర్యం లేదు. అయినా ఆయన జర్నైల్‌ను ఎప్పటి చోట నిలబెట్టలేదు. వెనుక కాపుగాయవలసినవాణ్ణి, కాలేజీలో ముందువరుస ఆడినవాడని గుర్తు పెట్టుకుని, ముందుకు పంపాడు. పైగా తలమీది కుట్టు వేరు, చీలమండ తంతువు వేరు. ఏది మోయగలదు, ఏది మోయలేదు అని చూచినవాడు ఆయన. నేను చూడలేదు. చూచేందుకు మావాడి పేరు ప్రక్కన అంకె లేదని సాకు చెప్పుకోవచ్చు గాని, వాడు నోటితో చెప్పనే చెప్పాడు, ఇంకా గుచ్చుతున్నదని.

నాలుగునెలలు వారానికి రెండుసార్లు ఫిజియోథెరపీకి తీసుకుపోయాను. సాయంత్రం బస్సులో పోవడం, రావడం. ఒంటికాలిమీద నిలబడడం, మెట్టుమీద మడమ ఎత్తడం, టవలు వ్రేళ్ళతో లాగడం – మొదట ముప్పై క్షణాలు, తర్వాత నిమిషం. నోటుబుక్కులో ఇంగ్లండువారి పేర్ల క్రింద వాడి పేరు వ్రాసి గళ్ళు నింపాను. వాడు చూచి, “నన్ను కూడా బలగంలో చేర్చావా?” అన్నాడు. నవ్వాడు గాని ఎక్కువసేపు నవ్వలేదు. ఆ రోజుల్లో ఆట మూసివేశాను. బ్లాక్‌బర్న్‌వారు ఇప్పటికీ ఒక మార్చి నెలలో ఆరవ స్థానాన నా కోసం కాచుకుని వున్నారు.

డిసెంబరు మొదటివారంలో వాడు మళ్ళీ దిగాడు. సరదా ఆటే, కప్పు లేదు. ఈసారి కోచి అడిగితే నేను మాట్లాడలేదు, డాక్టరమ్మ చీటీ ఇచ్చాను. ఇరవై నిమిషాలు అని అందులో వున్నది. నేను గట్టుమీద కూర్చుని గడియారం చూచుకుంటున్నాను. స్కోరు 1-1. ఇరవైరెండవ నిమిషాన మావాడికి ఎడమప్రక్క ఖాళీ దొరికింది, ఎదుట ఒక్కడే. బంతి ప్రక్కవానికి అందించి, చెయ్యెత్తి, తానే బయటికి వచ్చి కూర్చున్నాడు. తర్వాత మావాళ్ళు 2-1తో ఓడిపోయారు.

బస్సులో పళ్ళికొండ దాటేదాకా ఇద్దరం మాట్లాడలేదు. అప్పుడు వాడు కిటికీలోనుండి తల తిప్పి, “నాయనా, మన ఎడమ రెక్క కుర్రవాడు ఇప్పుడు ఎంత చూపిస్తున్నాడు?” అన్నాడు.

ఇల్లు చేరి చూద్దామన్నాను.