రహదారి కిందికి వెళ్ళిన ఆవములు

ఇంగ్లండులో కేంబ్రిడ్జి నుండి హంటింగ్డన్ వైపు సాగే ఏ14 రహదారికి ఇరువైపులా చదునైన పంటచేలు, నడుమ గ్రేట్ ఊజ్ నదిపై సుమారు 750 మీటర్ల వంతెన తప్ప ప్రయాణికుడి కంటిని ఆపేది ఏదీ కనిపించదు. కేంబ్రిడ్జిలోని మిల్ రోడ్డు మస్జిదులో, చెట్లవలె పైకి విచ్చుకున్న కలప స్తంభాల నడుమ జుహ్ర్ నమాజు ముగించుకొని మేము ఈ దారి పట్టాము. దీని కింద ఒకప్పుడు ఉన్న కుమ్మరి ఆవముల గురించి చదివి ఉండడమే అందుకు కారణం.

సుమారు 34 కిలోమీటర్ల ఈ రహదారి పనులకు ముందుగా 2016 నుండి 2018 వరకు ఇక్కడ పురావస్తు తవ్వకాలు జరిగాయి. ఒక దశలో 250 మంది దాకా పురావస్తు నిపుణులు ఈ పొలాలలో పనిచేశారు. చరిత్రకు పూర్వపు కట్టడాల ఆనవాళ్ళు, మధ్యయుగంలో జనం విడిచిపోయిన గ్రామం, క్రీ.శ. 269లో సుమారు రెండు నెలలు మాత్రమే రాజ్యమేలిన లేలియానస్ నాణెం బయటపడ్డాయి. పత్రికలు నాణేన్నే ఎక్కువగా చెప్పుకున్నాయి. మా మనసు మాత్రం రోమన్ల కాలం నాటి 40 ఆవముల దగ్గరే నిలిచిపోయింది.

మన ఊళ్ళలో కుమ్మరి పచ్చికుండలను పేర్చి, పిడకలు, గడ్డి కప్పి, పైన మట్టి మెత్తి కాలుస్తాడు. రోమన్ల కాలపు ఆవము నేలలో తవ్విన గుంట. పక్కనున్న సొరంగం వంటి దారి నుండి మంట లోపలికి వెళ్తుంది. నడుమ మట్టితో చేసిన అరుగు, దానిపై కుండలు. కాల్పు ముగిసే వేళ గాలి దారులు మూసివేస్తే ఎర్రబారవలసిన కుండ బూడిదరంగుకు తిరుగుతుంది. మంట ఎక్కువైనా, కుండలో తడి మిగిలినా పగుళ్ళు, వంకరలు తప్పవు. అలా చెడినవాటిని కుమ్మరి పక్కనే పారవేసేవాడు. పురావస్తు నిపుణుడికి ఇవే విలువైనవి. మంచి కుండ అమ్ముడై ఎటో వెళ్ళిపోతుంది. చెడిన కుండ పుట్టినచోటే ఉండి, అక్కడ ఏమేమి తయారైందో సాక్ష్యం చెబుతుంది. మానవ సృష్టిని ప్రస్తావిస్తూ రహ్మాన్ సూరా కుండపెంకు వంటి ఎండుమట్టిని గుర్తుచేయడం చదివిన మన ఇళ్ళలో పెంకు అల్పమైన వస్తువు కారాదు.

ఆవపు గోడ మరొక సాక్ష్యాన్ని కూడా దాచుకుంటుంది. బాగా కాలిన మట్టిలోని ఇనుప రేణువులు చల్లారేటప్పుడు ఆనాటి భూఅయస్కాంత దిశను పట్టుకొని ఉండిపోతాయి. ఖిబ్లా తెలుసుకునేందుకు మనం చూసే దిక్సూచి ముల్లు అన్ని శతాబ్దాలలోనూ ఒకే దిశను చూపదు. అది మెల్లగా జరుగుతూ ఉంటుంది. అందువల్ల గోడ నుండి తీసిన చిన్న ముక్కలోని దిశను కొలిచి, ఆ ఆవము చివరిసారి ఎప్పుడు చల్లారిందో అంచనా వేయవచ్చు. అయితే గోడ కదలకుండా ఉండాలి. ఒక్కసారి యంత్రం దానిని పెళ్ళగిస్తే ఆ సాక్ష్యం పోయినట్లే.

రోమన్లు వేసిన దారులు గాడ్‌మాంచెస్టర్ దగ్గర కలిసేవి. కుండలు బండ్లపై దూరాలకు చేరడానికి అటువంటి దారులే ఆధారం. కుమ్మరికి అన్నం పెట్టినది దారి. అతని ఆవమును కప్పివేసినదీ దారే. తవ్వకం అనే పని కూడా ఆవమును పొరలు పొరలుగా విప్పివేస్తుంది. మిగిలేవి పటాలు, ఛాయాచిత్రాలు, కొలతలు, పెట్టెలలో పెంకులు. కనుక వ్రాసుకునేవాడి కలం ఒక అమానతు. ఇంగ్లండులో 1990 నాటి ప్రభుత్వ మార్గదర్శకాల నుండి ఈ ఖర్చును నిర్మాణం చేపట్టినవారే భరించడం ఆనవాయితీ అయింది. ఈ ఏర్పాటు న్యాయమైనదని మా అభిప్రాయం.

ఇటువంటి తొందర మన కృష్ణా తీరమూ ఎరుగును. నాగార్జునసాగర్ నీటిలో మునగనున్న ఏలేశ్వరంలో పురావస్తు శాఖ తరపున మహమ్మద్ అబ్దుల్ వహీద్ ఖాన్ తవ్వకాలు జరిపి, 1963లో వాటిపై గ్రంథం వెలువరించారు. ఊరు మునిగింది, వ్రాత మిగిలింది. కానీ 1958 చట్టం, 2010లో దానికి చేసిన సవరణ కలిసి 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతాన్ని, ఆపై మరో 200 మీటర్ల నియంత్రిత ప్రాంతాన్ని నిర్దేశించినది కేంద్రం రక్షిత కట్టడాలుగా ప్రకటించినవాటి చుట్టూ మాత్రమే. ఊరి చివరి పాటిదిబ్బకు ఆ గౌరవం అరుదు. రైతులు ఆ పాటిమట్టిని ఎరువుగా పొలాలకు తోలుకుంటారు. రోడ్డు వేసేవారు పల్లాలు పూడ్చడానికి ఎత్తుకుపోతారు. మట్టిలో వచ్చిన పెంకులను ఏరి గట్టు మీద పడేస్తారు.