హవా తేజ్ ఉన్న రోజు

మా ఇంటి దీవాన్‌ఖానాలో ఇప్పటికీ ఒక జత చీతల్ కొమ్ములున్నాయి. దుమ్ము పట్టి ఉంటాయి, ఒకదాని కొస విరిగింది. మెహమాన్ ఎవరొచ్చినా ముందు చూపు వాటి మీదే. "మా దాదా షికారీ" అని మేం కొంచెం ఛాతీ విరుచుకునే చెప్తాం. ఆ వెనకే ఇంకో మాట కూడా ఖాందాన్‌లో అందరికీ నోటికొచ్చు: "1972లో కానూన్ వచ్చింది, దాదా బందూక్ కింద పెట్టేసిండు."

కొన్నేళ్ల కింద వన్యప్రాణి సంరక్షణ చట్టం మీద ఒక వ్యాసం రాస్తూ ఈ మాటను నేను అచ్చులో కూడా పెట్టాను. అబ్బా ఆ పేపర్ మొత్తం చదివారు. మడిచి పక్కన పెట్టి, "అచ్ఛా లిఖా బేటా" అన్నారు. అంతే.

పోయిన రంజాన్‌లో ఒక సాయంత్రం ఇఫ్తార్ అయ్యాక మా అన్న కొడుకు ఫోన్‌లో ఏదో షికార్ వీడియో చూస్తున్నాడు. అమెరికాలో ఎవరో గాలి రోజున హిరన్ వేటాడుతున్నారు. "దాదా, హవా తేజ్ ఉంటే షికార్ ఈజీ అట! అడుగుల చప్పుడు వినపడదట" అన్నాడు అబ్బాతో. అబ్బా చేతిలోని ఖజూర్‌ని ప్లేట్‌లో పెట్టేశారు. "చప్పుడు వినపడదు, నిజమే. దానికీ వినపడదు, మనకీ వినపడదు" అని లేచి వెళ్లిపోయారు.

తరావీ నుంచి వచ్చాక వరండాలో కుర్చీ వేసుకుని నన్ను పిలిచారు. ఆ రాత్రి చెప్పిందే ఇది.

1969, ఏప్రిల్ ఆఖరు. అబ్బాకి పన్నెండేళ్లు. మా పెద్ద ఫుప్పూ నికాహ్ ఇంకో నాలుగు రోజుల్లో ఉంది. దాదా కచేరీలో గుమాస్తా. జీతం చిన్నది, ఖాందాన్ పెద్దది. ఆ రోజుల్లో జంగ్లాత్ మహక్మా వాళ్లు షికార్‌కి పర్మిట్ ఇచ్చేవాళ్లు. దావత్‌కి ఒక చీతల్ దొరికితే ఒక పొట్టేలు ఖర్చు తప్పుతుందని దాదా ఆసిఫాబాద్ అడవికి బయల్దేరారు. అబ్బా ఏడ్చి వెంటపడ్డారు. బడిలో దోస్తులందరికీ "హిరన్ తెస్తాం" అని అప్పటికే చెప్పేశారట.

తోడు ఒక గోండు గూడెం పెద్దమనిషి. దాదా ఆయన్ని పటేల్ అనేవారు, అబ్బాకి పటేల్ చాచా. ఆయన నడుముకి జల్లెడ పట్టిన బూడిద ఉన్న చిన్న గుడ్డ పోట్లీ కట్టి ఉండేది. పది అడుగులకోసారి దాన్ని దులిపి చూసేవాడు. బూడిద మన మొహం మీదికి వస్తే ముందుకు నడవాలి. ముందుకు పోతే ఆగాలి, చుట్టూ తిరిగి ఇంకో దిక్కు నుంచి రావాలి. మనిషి వాసన ఒక్కసారి తగిలిందంటే చీతల్ ఇక నిలవదు.

మెల్లగా, ఒకే దిక్కు నుంచి వీచే గాలి షికారీకి దోస్త్ అనేవారట దాదా. తేజ్ హవా సంగతి వేరు. గుట్టల సందుల్లో అది ఒక దిక్కున నిలవదు, సుడి తిరుగుతుంది. ఇప్పుడు మొహం మీద కొట్టిన గాలి మరు నిమిషం వీపున తోస్తుంది. చెట్లన్నీ ఊగుతుంటే ఏది కొమ్మ, ఏది కొమ్ము తెలియదు. చీతల్‌కి కూడా అదే పరేషానీ. చెవులు పనిచెయ్యవు, పైన కొండముచ్చు అరిచి ఖబర్ ఇచ్చినా అందదు. అందుకని గాలి తగలని పల్లాల్లోకి దిగి, ఆకు కదిలినా ఉలిక్కిపడుతూ ఉంటాయి. పైగా కంపలు అడ్డంగా ఊగుతుంటాయి కాబట్టి గురి కుదరదు.

దాదా తేజ్ హవాలో బందూక్ ఎత్తకపోవడానికి ఇంకో వజహ్ ఉంది. హనఫీ ఉలమాలో చాలామంది చెప్పేది ఏమంటే, గోలీ బాణంలా పదునుతో కొయ్యదు, జోరుతో చీలుస్తుంది. కాబట్టి గోలీ తగిలిన జంతువు ప్రాణంతో ఉండగానే చేరుకుని జబహ్ చెయ్యాలి, ముందే చచ్చిపోతే అది ముర్దార్. వేరే రాయ్ ఉన్న ఉలమా కూడా ఉన్నారు. దాదా మాత్రం దీన్నే గట్టిగా పట్టుకున్న మనిషి. బిస్మిల్లాహ్ చెప్పి ట్రిగ్గర్ నొక్కి, బందూక్ పటేల్ చేతికిచ్చి, ఛురీ పట్టుకుని పరిగెత్తేవారట. నలభై అడుగుల లోపు ఉంటేనే కొట్టేవారు.

రెండు రోజులు ఏమీ దొరకలేదు. మూడో రోజు మధ్యాహ్నం నుంచి గాలి లేచింది. ఎండిన టేకు ఆకులు గుంపులుగా దొర్లుతున్నాయి. పటేల్ పోట్లీ దులిపితే బూడిద నాలుగు దిక్కులా పోయింది. "ఇవ్వాళ వద్దు దొరా" అన్నాడు. దాదా "నక్కో, ఇంటికి పోదాం" అని కార్తూస్ తీసెయ్యబోయారు.

అప్పుడే కింది పల్లంలో రెండు చీతల్ కనిపించాయి. యాభై, అరవై అడుగులు ఉంటాయి. దాదా చూసి కూడా తల అడ్డంగా ఊపారు. అబ్బా ఆయన చొక్కా పట్టుకుని అన్నారట, "అబ్బా, ఖాలీ హాత్ జాతే క్యా? సబ్ హసేంగే."

దాదా కొడుకు మొహం చూశారు. తర్వాత బందూక్ ఎత్తారు.

చప్పుడు కూడా గాలిలో కొట్టుకుపోయింది. ఒకటి దూకి మాయమైంది. రెండోది పడలేదు. వీపు గూనిలా ఎత్తి, మెల్లగా పొదల్లోకి నడిచింది. దాదా పరిగెత్తి వెళ్లేసరికి ఆకుల మీద నల్లటి నెత్తురు, అందులో నమిలిన పచ్చగడ్డి. కడుపున తగిలింది.

పటేల్ అన్నాడు, "కూర్చో దొరా. వెంటపడకపోతే దగ్గర్లోనే పండుకుంటది. తరిమితే మైళ్లు పోతది." అది షికార్ ఇల్మ్. కానీ కూర్చుంటే ఈలోపు ప్రాణం పోవచ్చు. అప్పుడు ఛురీ పనికిరాదు. దాదా అటూ ఇటూ కాసేపు నిలబడి, చివరికి వెంటపడ్డారు. కానీ ఎక్కడని వెతకాలి? ఒక్కో గాలి విసురుకి ఆకులు తిరగబడుతున్నాయి, నెత్తురు చుక్కలు వాటి కింద దాక్కుంటున్నాయి. అస్ర్ అయింది, మగ్రిబ్ అయింది. లాంతరు వెలిగిస్తే ఆరిపోయింది. మళ్లీ వెలిగించారు, మళ్లీ ఆరిపోయింది. ఆ రాత్రి గుట్ట కింద ముగ్గురూ కూర్చున్నారు. అబ్బాకి నిద్ర పట్టలేదు. ఏ పొద కదిలినా అదే అనిపించిందట.

ఫజర్ తర్వాత గాలి నిలిచిపోయింది. మైలున్నర దూరంలో, ఒక చెలమ ఒడ్డున దొరికింది. ఆడది. మూతి నీళ్ల దగ్గర ఉంది. దాదా పక్కన కూర్చుని మెడ మీద చెయ్యి పెట్టి చూశారు. చల్లగా ఉంది. ఛురీని తువ్వాలుకి తుడవకుండానే ఒరలో పెట్టేశారు, తుడవాల్సింది ఏమీ లేదు కాబట్టి. "మీవాళ్లు తింటే తీసుకపో పటేల్" అన్నారు. దారి పొడుగునా ఇంకో మాట లేదు.

ఇంటికొచ్చి గుస్ల్ చేసి రెండు రకాతుల నమాజ్ చదివారు. ఫుప్పూ దావత్ బగారా ఖానా, ఖట్టీ దాల్‌తో అయిపోయింది. సమ్ధీలు మొహం ముడుచుకున్నారట. "నిషానా తప్పింది, నాదే గల్తీ" అని దాదా అందరికీ చెప్పారు. కొడుకు ఏమన్నాడో దాదీకి కూడా చెప్పలేదు. ఆయన 1990లో వెళ్లిపోయే దాకా అబ్బాతో కూడా ఎత్తలేదు.

"తిట్టి ఉంటే బాగుండేది. నేను ఆ రోజే మర్చిపోయేవాణ్ణి" అన్నారు అబ్బా.

జర్నలిస్ట్ బుద్ధి కదా, మర్నాడు దాదా సందూక్ దింపి కాగితాలు వెతికాను. ఫుప్పూ నికాహ్‌నామా పక్కనే నాలుగు మడతల రసీదు ఉంది: లైసెన్స్‌తో సహా ఏక్‌నాలీ బందూక్ థాణాలో జమా. తారీఖు జూన్ 1969. కానూన్ రావడానికి మూడేళ్ల ముందు.

ఆ పాత వ్యాసంలోని వాక్యాన్ని ఇక్కడ దురుస్తు చేస్తున్నాను. మా దాదా బందూక్ కింద పెట్టింది కానూన్‌కి భయపడి కాదు. దీవాన్‌ఖానాలోని కొమ్ములు అంతకు ముందెప్పటివో. ఆడ చీతల్‌కి కొమ్ములుండవు, ఆ జంతువు నిషానీ మా ఇంట్లో ఏదీ లేదు.

మీ ఇళ్లలో కూడా ఇలాంటి షికార్ కిస్సాలు ఉండే ఉంటాయి. చెప్పే బుజుర్గ్‌లు ఉండగానే చివరి దాకా అడగండి. పిల్లలకి కొమ్ముల గురించి చెప్పేటప్పుడు ఆ చెలమ గురించి కూడా చెప్పండి.

ఇది పోస్ట్ చేసే ముందు అబ్బాకి చదివి వినిపించాను. మొదట్లో నేను "ఎవరో కొట్టమన్నారు" అని రాశాను, ఆయన ఇజ్జత్ అనుకుని. అబ్బా కళ్లద్దాలు తీసి, "ఎవరో కాదు. నేను అన్నానని రాయి" అన్నారు.

రాశాను.