కెనోషా కాల్పులు: కోర్టు అడగని ప్రశ్న

మేముండేది అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, కెనోషా ఊరిని ఆనుకుని. మిల్వాకీకీ షికాగోకీ నడుమ, మిషిగన్ సరస్సు ఒడ్డున ఉన్న ఊరది. జనాభా లక్షకు అటూ ఇటూ. ఒకప్పుడు అమెరికన్ మోటార్స్ కార్లు ఇక్కడే తయారయ్యేవి. 1988లో కార్ల తయారీ ఆగిపోయింది, 2010లో మిగిలిన ఇంజిన్ల ఫ్యాక్టరీ కూడా మూతపడింది. దక్షిణాన ఇల్లినాయ్ సరిహద్దు దాటితే పెద్ద మందుల కంపెనీలున్నాయి. పని అక్కడ, ఇల్లు ఇక్కడ అన్న లెక్కతో మాలాంటి తెలుగు కుటుంబాలు కొన్ని ఇటు చేరాయి. 2020 ఆగస్టు దాకా ఈ ఊరి పేరు చెబితే మా బంధువుల్లో ఎవరికీ తెలిసేది కాదు.

ఆ ఆగస్టు 23 ఆదివారం సాయంత్రం, ఒక ఇంటి గొడవ గురించి ఫోన్ వస్తే పోలీసులు వెళ్లారు. జేకబ్ బ్లేక్ అనే 29 ఏళ్ల నల్లజాతి యువకుడు కారులోకి ఎక్కబోతుంటే, ఒక తెల్లజాతి పోలీసు అతని చొక్కా వెనకనుంచి పట్టుకుని ఏడుసార్లు కాల్చాడు. కారు వెనక సీట్లో అతని పిల్లలున్నారు. ప్రాణం దక్కింది కానీ నడుము కింద చచ్చుబడిపోయింది. బ్లేక్ దగ్గర కత్తి ఉందని, తనను పొడుస్తాడని భయపడ్డానని ఆ పోలీసు చెప్పాడు. ఆ ఆత్మరక్షణ వాదనను కోర్టులో కాదని రుజువు చేయలేనంటూ 2021 జనవరిలో జిల్లా అటార్నీ కేసు పెట్టడానికి నిరాకరించాడు. అంటే ఈ మొత్తం వ్యవహారంలో ఆత్మరక్షణ మొదట చెప్పుకున్నది పోలీసే. తర్వాత జరిగినదాని గోలలో చాలామంది ఈ సంగతి మరిచిపోయారు.

మినియాపొలిస్‌లో జార్జ్ ఫ్లాయిడ్ చనిపోయి అప్పటికి మూడు నెలలే. జనం వీధుల్లోకి వచ్చారు. పగలు శాంతంగా నడిచిన ఊరేగింపులు చీకటి పడేసరికి మరోలా మారాయి. మొదటి రెండు రాత్రుల్లో షెరిడాన్ రోడ్డు మీద పాత కార్లు అమ్మే కార్ సోర్స్ అనే దుకాణం ఆవరణలో ఎన్నో కార్లు తగలబడ్డాయి. దుకాణం మన దేశం నుంచి వచ్చిన ఒక కుటుంబానిది. ఊళ్లోని అప్‌టౌన్ ప్రాంతంలో చిన్న చిన్న షాపులు బూడిదయ్యాయి. తెల్లారి ఆ దారిన వెళితే, మాడి ముడుచుకుపోయిన కార్లు వరసలుగా నిలబడి ఉన్నాయి. కాలిన రబ్బరు వాసన కారు అద్దాలు ఎత్తినా లోపలికి వచ్చింది. బ్లేక్‌కి జరిగిన అన్యాయానికి ఆ దుకాణదారు ఏ విధంగానూ కారణం కాదు. ఇది చెప్పినందుకు నన్ను ఉద్యమానికి వ్యతిరేకినన్న స్నేహితులున్నారు. అయినా చెబుతాను. ఎవరో కష్టపడి కూడబెట్టుకున్నది కాల్చేస్తే ఎవరికీ న్యాయం జరగదు.

మూడో రాత్రి, ఆగస్టు 25న, హైవేకి తూర్పున కర్ఫ్యూ. ఫోన్లలో హెచ్చరిక మోగింది, తలుపులు వేసుకుని కూర్చున్నాం. అదే వేళకి కొందరు యువకులు తుపాకులతో ఊళ్లోకి దిగారు. దుకాణాలు కాపాడతామన్నారు. వాళ్లలో ఒకడు కైల్ రిటెన్‌హౌస్, 17 ఏళ్లవాడు. ఇరవై మైళ్ల దూరంలోని ఇల్లినాయ్ పట్టణం యాంటియాక్‌లో తల్లితో ఉండేవాడు, తండ్రి కెనోషాలోనే ఉండేవాడు. చేతిలో ఏఆర్-15 రకం రైఫిల్. అర్ధరాత్రి కావస్తుండగా రెండు మూడు నిమిషాల్లో ఎనిమిది తూటాలు పేలాయి. జోసెఫ్ రోజెన్‌బామ్, ఆంథనీ హ్యూబర్ చనిపోయారు. గేజ్ గ్రోస్‌క్రూట్జ్ కుడిచేతి కండ చితికిపోయింది. కాల్చినవాడు చేతులు పైకెత్తి పోలీసు వాహనాలకు ఎదురు నడిస్తే, అవి అతణ్ణి దాటుకుని వెళ్లిపోయాయి. అతను ఇంటికెళ్లి, ఆ రాత్రే యాంటియాక్ పోలీసులకు లొంగిపోయాడు.

మా మేనత్త కొడుకు ఏడాది తర్వాత హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, ‘‘నల్లవాళ్లను చంపిన తెల్ల కుర్రాణ్ణి వదిలేశారటగా వదినా?’’ అన్నాడు. కాల్పుల్లో పడ్డ ముగ్గురూ తెల్లవాళ్లేనని చెబితే చాలాసేపు నమ్మలేదు. అతణ్ణని లాభం లేదు. ఇక్కడ పాతికేళ్లుగా ఉంటున్నవాళ్లలో కూడా అదే అభిప్రాయం ఉంది. రైఫిల్ పట్టుకుని రాష్ట్ర సరిహద్దు దాటి వచ్చాడని ఒక పక్షం నేటికీ చెబుతుంది. నిజానికి ఆ రైఫిల్‌ను, వయసు చాలని అతని కోసం ఒక స్నేహితుడు విస్కాన్సిన్‌లోనే కొన్నాడు, అది ఇక్కడే ఉంది. రెండో పక్షం మాత్రం దుకాణం యజమానులే కాపలాకి పిలిచారంది. మేమెవరినీ పిలవలేదని ఆ దుకాణం కుటుంబంలోని అన్నదమ్ములు కోర్టులో ప్రమాణం చేసి చెప్పారు. తీరా చూస్తే, ఎవరికి ఏది కావాలో అదే వాళ్ల చెవికెక్కింది.

2021 నవంబరు 1న విచారణ మొదలైంది. టీవీలో ప్రత్యక్ష ప్రసారం. కొన్ని రోజులు తెర ముందు కూర్చుని, కొన్ని రోజులు పని చేసుకుంటూ చెవిలో పెట్టుకుని విన్నాను. మా పెద్దాడికి అప్పుడు సరిగ్గా 17 ఏళ్లు. వినకుండా ఉండటం నా వల్ల కాలేదు.

ఇక్కడి చట్టం మన తెలుగువాళ్లకు కొంత వివరించాలి. మన దేశంలోనూ ప్రాణం, ఆస్తి కాపాడుకునే హక్కు చట్టంలో ఉంది. కానీ ఆత్మరక్షణ కోసమే చేశానని నిందితుడే చూపించుకోవాలి. పోలీసులను ఆశ్రయించే వ్యవధి ఉంటే ఆ హక్కు వర్తించదు. విస్కాన్సిన్‌లో బరువంతా ప్రభుత్వం మీద ఉంటుంది. నిందితుడు ఆత్మరక్షణ అన్నాక, అది ఆత్మరక్షణ కాదని అనుమానానికి తావులేకుండా ప్రాసిక్యూషనే రుజువు చేయాలి. చావో తీవ్ర గాయమో తప్పదని ఆ క్షణంలో అతను నమ్మాడా, ఆ నమ్మకం సమంజసమేనా అన్నదే జ్యూరీ చూస్తుంది. ఆ క్షణానికి ముందు ఏ తెలివితక్కువతనం అతణ్ణి అక్కడికి తెచ్చిందో దాదాపుగా చూడదు. తానే రెచ్చగొట్టి ఉంటే లెక్క మారుతుంది. రిటెన్‌హౌసే ముందు తుపాకీ గురిపెట్టాడని ప్రాసిక్యూటర్ థామస్ బింగర్ వాదించాడు. ఆయన చేతిలో ఉన్న ఆధారం డ్రోన్ తీసిన మసక వీడియో. అందులో ఏముందో లాయర్లకే ఏకాభిప్రాయం కుదరలేదు.

మిగతా వీడియోలు స్పష్టంగానే ఉన్నాయి. రోజెన్‌బామ్ దగ్గర ఆయుధం లేదు, కానీ వెంటపడి తరిమాడు. అంతలో ఎవరో గాల్లోకి ఒక తూటా పేల్చారు. రిటెన్‌హౌస్ వెనక్కి తిరిగి నాలుగుసార్లు కాల్చాడు. హ్యూబర్ స్కేట్‌బోర్డుతో కొట్టి తుపాకీ లాక్కోబోయాడు. గ్రోస్‌క్రూట్జ్ చేతిలో పిస్తోలు ఉంది. తాను పిస్తోలు గురిపెట్టి ముందుకు వచ్చాకే అతను కాల్చాడని గ్రోస్‌క్రూట్జే బోనులో ఒప్పుకున్నాడు. అది విన్న క్షణానే కేసు ఏమవుతుందో నాకు అర్థమైంది. నాలుగు రోజులపాటు చర్చించి, నవంబరు 19న పన్నెండుమంది జ్యూరీ ఐదు అభియోగాల్లోనూ నిర్దోషి అంది. చట్టం తమను అడిగిన ప్రశ్నకు వాళ్లు తప్పు జవాబిచ్చారని నేననుకోను. నాతో ఏకీభవించే స్నేహితులు ఎక్కువమంది లేరు. అయినా అంతా విన్నాక నాకు తేలింది ఇదే.

నన్ను నిద్రపోనివ్వనిది వేరే ఉంది. హ్యూబర్ వైపు నుంచి చూడండి. చీకటి వీధి. తూటాలు పేలాయి, ఒక మనిషి పడిపోయాడు, రైఫిల్ పట్టుకుని ఒకడు పరిగెడుతున్నాడు. వాడు జనాన్ని కాలుస్తున్నాడనే అక్కడున్నవాళ్లు అనుకున్నారు. ఈ దేశంలో బడుల్లో, సినిమా హాళ్లలో, గుడుల్లో అలాంటివి ఎన్నో జరిగాయి. మాకు అరగంట దూరంలోని ఓక్ క్రీక్‌లో, 2012 ఆగస్టులో, గురుద్వారాలోకి చొరబడినవాడు కాల్చి ఆరుగుర్ని పొట్టన పెట్టుకున్నాడు. గాయాలతో మంచాన పడ్డ ఏడో మనిషి 2020లో పోయారు. తూటాలు పేల్చేవాణ్ణి ఒట్టిచేతులతోనైనా ఆపినవాణ్ణి మనం వీరుడంటాం. హ్యూబర్ తాను ఆ పనే చేస్తున్నాననుకుని ఉంటాడు. గ్రోస్‌క్రూట్జ్ ఒక్క క్షణం ముందు ట్రిగ్గర్ నొక్కి ఉంటే, బోనులో అతను నిలబడేవాడు, అతని లాయరూ ఇదే ఆత్మరక్షణ వాదన వినిపించేవాడు. బహుశా గెలిచేవాడు కూడా. ఎదురెదురుగా నిలబడి ఒకరినొకరు చంపుకునేవాళ్లిద్దరికీ చట్టం ఒకే రక్షణ ఇస్తోందంటే, చివరికి ప్రాణంతో మిగిలినవాడి మాటే కోర్టుకి వినిపిస్తుంది. రోజెన్‌బామ్ ఆ పగలే ఆసుపత్రి నుంచి బయటికి వచ్చాడు. ఎందుకు తరిమాడో, మనసులో ఏముందో చెప్పడానికి అతను లేడు.

వీధిలో అన్ని తుపాకులు లేకపోతే ఈ చిక్కు పుట్టేదే కాదు. అసలు 17 ఏళ్లవాడు రైఫిల్‌తో అక్కడ ఎలా ఉండగలిగాడు? విస్కాన్సిన్‌లో 18 నిండనివాళ్లు ఆయుధం పట్టకూడదనే చట్టం ఉంది. కానీ వేటకి వెళ్లే పిల్లల కోసం పెట్టిన మినహాయింపు రాతలో ఎలా కుదిరిందంటే, 16 దాటినవాడు పొడుగు గొట్టం ఉన్న రైఫిల్ పట్టుకుంటే ఆ నిషేధం వర్తించదు. ఆ కారణంతోనే న్యాయమూర్తి బ్రూస్ ష్రోడర్ ఆయుధం కలిగి ఉన్న నేరాన్ని జ్యూరీ చర్చకు వెళ్లకముందే కొట్టేశారు. ఆయన మీద ఎన్నో విమర్శలు వచ్చాయి, కొన్నింటితో నేనూ ఏకీభవిస్తాను. ఈ విషయంలో మాత్రం ఆయన ఉన్న చట్టాన్నే చదివారు. తప్పు రాజధాని మాడిసన్‌లో చట్టం రాసినవాళ్లది. కర్ఫ్యూ ఉండగా, తుపాకులు పట్టుకున్న కుర్రాళ్లకు సాయుధ వాహనంలోంచి నీళ్ల సీసాలు అందించి, మీరు రావడం సంతోషమన్న పోలీసులదీ తప్పే. ఇంటి ముందు కారులో కూర్చోబోతున్న మనిషిని ఏడుసార్లు కాల్చిన చేతిదీ, కార్లు తగలబెట్టిన చేతులదీ తప్పే. తిలా పాపం తలా పిడికెడు. ఈ వాటాలు లెక్కపెట్టే చోటు కోర్టు కాదు. లెక్కపెట్టాల్సిన రాజకీయం ఆ పని చేయలేదు.

ఏం చేసిందో చూశాం. 2020 సెప్టెంబరు 1న ట్రంప్ కెనోషా వచ్చారు, 3న బైడెన్ వచ్చారు. ఈ రాష్ట్రంలో అధ్యక్ష ఎన్నికల గెలుపోటములు ఈమధ్య ఇరవై, ముప్పై వేల ఓట్ల చుట్టూ తిరుగుతున్నాయి, అందుకే వచ్చారు. కుర్రాడి బెయిలుకి 20 లక్షల డాలర్లు పోగయ్యాయి. తీర్పు వచ్చాక కొందరు కాంగ్రెస్ సభ్యులు తమ దగ్గర పని చేయమని అతణ్ణి పిలిచారు, ఒకామె బంగారు పతకం ఇవ్వాలని బిల్లు పెట్టింది. డిసెంబరులో ఫీనిక్స్‌లో ఒక యువజన సభ వేదికెక్కితే జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. బోనులో వెక్కి వెక్కి ఏడ్చిన అదే కుర్రాడు. ఇద్దర్ని చంపినవాడికి శిక్ష పడకపోవడం చట్టప్రకారం సరైనదే కావచ్చు. చప్పట్లు మాత్రం ఏ చట్టమూ అడగలేదు. మరోవైపు, ఒక్క రోజు కూడా విచారణ వినకుండా తెల్లజాతి ఉగ్రవాది అని ముద్ర వేసినవాళ్లు ఆ కుర్రాణ్ణి తామే ఆ వేదిక మీదికి తోశారని నా నమ్మకం.

మన తెలుగు గ్రూపుల్లోనూ ఇదే చీలిక. షాపులు, గ్యాస్ స్టేషన్లు నడిపేవాళ్లు ఒకవైపు, వాళ్ల పిల్లలు మరోవైపు. ఆ గొడవ చదువుతుంటే నాకు 2019 డిసెంబరు గుర్తొచ్చింది. దిశ అత్యాచారం, హత్య కేసులో నలుగురు నిందితులు షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో పోలీసు కాల్పుల్లో చనిపోయారు. వాళ్లు ఆయుధాలు లాక్కున్నారు, ఆత్మరక్షణ కోసమే కాల్చామని పోలీసులన్నారు. జనం పూలు చల్లారు. ఇక్కడి మా గ్రూపుల్లో, తర్వాత కెనోషా మీద కత్తులు దూసుకున్న ఇరువర్గాలూ ఆ రోజు ఒక్కటై అభినందనలు రాశాయి. సుప్రీంకోర్టు నియమించిన సిర్పుర్‌కర్ కమిషన్ ఆ ఆత్మరక్షణ కథను నమ్మలేదు, చంపే ఉద్దేశంతోనే కాల్చారంది. ఆ నివేదిక 2022లో బయటికి వచ్చినప్పుడు మా గ్రూపుల్లో ఒక్కరూ మాట్లాడలేదు. పడిపోయినవాడు మనకు నచ్చనివాడైతే కాల్చినవాడి మాట వెంటనే నమ్మేస్తాం. ఈ గుణం మనతోపాటు విమానమెక్కి వచ్చింది, అమెరికా మనకు దీన్ని కొత్తగా నేర్పాల్సిన పని లేకపోయింది.

షాపులున్న మనవాళ్లకు ఒక మాట. మీ భయం నాకు తెలుసు, కాలిన కార్లు కళ్లారా చూశాను. అయినా మీ షాపు ముందు ఎవరి పిల్లాడో రైఫిల్‌తో నిలబడితే రక్షణ దొరికిందనుకోకండి. రోజెన్‌బామ్ కూలిపోయింది కార్ సోర్స్ వాళ్ల ఆవరణలోనే, కాలిన కార్లకు తోడు ఒక ప్రాణం పోయింది. పౌరుల ఆస్తి కాపాడటం, పోలీసు చేతిలో పౌరుడు బలికాకుండా చూడటం, రెండూ ప్రభుత్వం పనే. రెండూ అడగండి. ఒకటి అడిగితే రెండోదానికి ద్రోహం చేసినట్టు కాదు.

విస్కాన్సిన్‌లో ఓటున్న తెలుగువాళ్లారా, మాడిసన్‌లో మనలో ప్రతి ఒక్కరికీ ఒక అసెంబ్లీ సభ్యుడు, ఒక సెనేటర్ ఉన్నారు. వేటకి వెళ్లే పిల్లలకు పెద్దల తోడుతో వెసులుబాటు ఉంచుకోనివ్వండి. ఊరి నడివీధిలో, గొడవల మధ్య, 18 నిండనివాళ్ల చేతికి రైఫిల్ అందనిచ్చే ఆ మినహాయింపు తీసేయమని మాత్రం అడగండి. మీరు ఏ పార్టీకి ఓటేసినా సరే, ఫోన్ చేసి అడగండి.